రాసుకోని పని

మా కార్గో గోదాంలో ఏ కంప్యూటర్ మొరాయించినా జనం తలుచుకునేది దేవుణ్ణి కాదు, బాలమల్లన్నని. తలుచుకోవడమంటే మిస్డ్ కాల్ ఇవ్వడం. ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తే కాటా దగ్గర, రెండైతే లేబుళ్ల ప్రింటర్ దగ్గర, మూడైతే మందుల పెట్టెలుండే చల్లగది దగ్గర ఏదో ఆగిపోయిందని అర్థం. ఆగకుండా మోగుతూనే ఉంటే అది పై అంతస్తు ఆఫీసు. వాళ్ళకి బ్యాలెన్సు గురించి బెంగ లేదు. ఈ లెక్క ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన ఏడాది నుంచీ అలాగే నడుస్తోంది.

2011 జూన్‌లో దాన్ని మాన్పించే పని నా నెత్తిన పడింది.

నా పేరు నిర్మల. మాది తుక్కుగూడ. ఎం.సి.ఏ. చదివి, ఆ గోదాం కంప్యూటర్ల బాగోగులు చూసే కంపెనీలో సర్వీస్ డెస్కు ఇంచార్జిగా చేరాను. నా కింద ఆరుగురు టెక్నీషియన్లు. వయసులో వాళ్ళందరికంటే నేనే చిన్న, కోపంలో మాత్రం అందరికంటే పెద్ద. ఈ మాట మా అమ్మదే, నేను కాదనలేదు.

ఆ ఆరుగురిలో బాలమల్లన్న ఒకడు. రావిర్యాల మనిషి, నలభై ఏడేళ్లుంటాయి. పదో తరగతి తప్పాడు. ఊళ్ళో బోరు మోటార్లు బాగుచేసేవాడు. గోదాం కడుతున్నప్పుడు కేబుళ్ళు లాగే కూలికి వచ్చి, ఇక్కడే ఉండిపోయి, ఒకరు నేర్పకుండానే కంప్యూటర్లు నేర్చుకున్నాడు. ఏ టైలు కింద ఏ తీగ పోతుందో ఆయనకు తెలిసినట్టు, ఈ గోదాం నక్షా గీసిన ఇంజనీర్లకు కూడా తెలియదు. నాకు ఎం.సి.ఏ.లో చెప్పని సంగతులు సగం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ మాట ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

కొత్త పద్ధతి తెచ్చింది మా ప్రాజెక్టు మేనేజర్ రాఘవేందర్ సార్. రాజేంద్రనగర్‌లో ఉంటారు, నెమ్మదైన మనిషి. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా డెస్కుకు ఫోన్ చేయాలి, మేము దాన్ని కంప్యూటర్లో టికెట్‌గా రాసుకోవాలి, ఒక టెక్నీషియన్‌కి అప్పగించాలి. అతను పని పూర్తయ్యాక ఏం చేశాడో రెండు ముక్కలు రాసి మూసేయాలి. అంతే పద్ధతి. చెప్పడానికి ఇంత సులువు. సార్ గోడల మీద పోస్టర్లు వేయించారు, రెండు రోజులు శిక్షణ పెట్టించారు, మధ్యలో సమోసాలు, చాయ్. జనం శ్రద్ధగా విన్నారు, సమోసాలు తిన్నారు, బయటికి వెళ్ళి బాలమల్లన్నకు మిస్డ్ కాల్ కొట్టారు.

జులై నెల రిపోర్టు తీశాను. జగదీశ్ అనే టెక్నీషియన్ పేరు మీద తొంభై ఆరు టికెట్లున్నాయి. మిగతావాళ్ళవి డెబ్భై, ఎనభై. వాళ్ళు ఎవరు పిలిచినా, చేసిన పని వచ్చి డెస్కులో రాయించేవారు. బాలమల్లన్న పేరు మీద మూడు. ఆ మూడూ నేను నా కంప్యూటర్ కోసం పెట్టినవి.

రాఘవేందర్ సార్ నన్ను పిలిచి తలుపు మూశారు. "అక్టోబర్ నుంచి కొత్త కాంట్రాక్టు నిర్మలా. సెప్టెంబర్ నెల రిపోర్టు చూస్తారు. అరవై టికెట్ల కంటే తక్కువున్న మనిషిని కొత్త కాంట్రాక్టులోకి తీసుకోరు. మొదటి రెండు నెలలు నేర్చుకోవడానికి వదిలేస్తారు. ఆయనకు చెప్పు."

రోజంతా నిలబడే తీరిక లేకుండా తిరిగే మనిషి, కాయితం మీద నెలకు మూడు పనులు చేసే సోమరి! నాకు ఒళ్ళు మండిపోయింది. సార్ మీద కొంత, బాలమల్లన్న మీద చాలా.

ఆయన్ని క్యాంటీన్‌లో పట్టుకున్నాను. "అన్నా, నువ్వు చేసిన ప్రతి పనీ రాయించాలె. లేకుంటే నీ నౌకరి పోతది" అని మొహం మీదే చెప్పాను.

బాలమల్లన్న చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. "చెల్లె, ఎవలన్న దూపైతుందంటే నీళ్ళిచ్చి, ఫలానోనికి చెంబెడు నీళ్ళిచ్చిన అని రాసిపెట్టుకుంటమా?"

"నీళ్ళు పోసినందుకు జీతమిస్తలేరన్నా. ఇది పని."

"పనే. చేస్తున్న గదా. చేసి చెప్పుకునుడు నాతోని గాదు. గది ఎచ్చులు పోయినట్టుంటది."

ఆయన ఒక్కడే అయితే ఎలాగో ఒప్పించేదాన్ని. గోదాం అంతా అదే మాట. కాటా దగ్గర కూర్చునే పెంటయ్యని, డెస్కుకు ఎందుకు ఫోన్ చేయవని నిలదీశాను. "అన్నను పిల్వనీకి నీకు అర్జీ పెట్టుకోవాల్నా? మా అన్న ఏమన్న పరాయోడా?" అని నన్నే ఎదురడిగాడు. పైగా, అలా డెస్కు ద్వారా పిలిస్తే అన్నకు కోపమొస్తుందని, మనిషిని నమ్మక పైవాళ్ళకు చెప్పినట్టు ఉంటుందని కూడా అన్నాడు. పెద్దమనిషికి ఇచ్చే మర్యాద మిస్డ్ కాల్‌లో ఉందని వాళ్ళ లెక్క. సాయం చేసినవాడు రాసుకోడు, పొందినవాడు పైకి చెప్పడు. పోస్టర్లలో దీనికి జవాబు లేదు.

అప్పుడు నేను తెలివితక్కువ పని ఒకటి చేశాను. టెక్నీషియన్లు లోపలికి వచ్చేముందు ఫోన్లు గేటు దగ్గర ఇచ్చేయాలని సార్ చేత ఆర్డరు వేయించాను. ఫోన్ లేకపోతే జనం చచ్చినట్టు డెస్కుకే వస్తారనుకున్నాను. రాలేదు. బాలమల్లన్న ఎక్కడున్నాడో వెతకడానికి మనుషుల్ని పంపారు. కాటా దగ్గర ఒకడు కేకేస్తాడు, గోదాం మధ్యలో ఇంకొకడు అందుకుంటాడు, చల్లగది దాకా ఆ పిలుపు పోతుంది. రెండు రోజుల్లో బయట లారీల వరస మెయిన్ రోడ్డు దాకా పెరిగింది. మూడో రోజు సార్ ఎవరి ఫోన్లు వాళ్ళకి ఇప్పించేశారు.

బాలమల్లన్న నాతో మాట్లాడటం మానేశాడు. ఎదురుపడితే తల వంచుకుని పక్కనుంచి పోయేవాడు. నేను గేటు దగ్గర పెట్టించింది ఆయన ఫోన్ ఒక్కటే కాదు, నాలుగేళ్ళుగా ఆయన సంపాదించుకున్న గౌరవం కూడా. ఇంటికెళ్ళి ఈ మాట మా అమ్మకు చెప్పుకుని ఏడ్చాను.

ఆగస్టు మూడో వారంలో ఆయన మొట్టమొదటిసారి సెలవు పెట్టాడు. భార్య జంగమ్మకు మెహిదీపట్నం దవాఖానలో కంటి ఆపరేషన్. దవాఖానలో ఫోన్ ఆపేసి పెట్టుకున్నాడు.

సరిగ్గా ఆ పొద్దున లేబుళ్ల ప్రింటర్ ఆగిపోయింది. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళే విమానంలో మందుల పెట్టెలు పోవాలి. లేబుల్ లేని పెట్టె గోదాం గడప దాటదు. డ్యూటీలో జగదీశ్ ఉన్నాడు. ముప్పై ఏళ్ల మనిషి, డిప్లొమా చదివాడు, పని దొంగ కాదు. కేబుల్ మార్చాడు, రోల్ మార్చాడు, కంప్యూటర్లో ప్రింటర్‌ని తీసేసి మళ్ళీ ఎక్కించాడు. ప్రింటర్ మాత్రం ఎర్ర లైటు కొడుతూనే ఉంది. చుట్టూ నిలబడ్డవాళ్ళు బాలమల్లన్న ఫోన్‌కి కొడుతూనే ఉన్నారు. అది స్విచాఫ్ అని తెలిసినా కొడుతూనే ఉన్నారు.

పదకొండు పెట్టెలు మిగిలిపోయాయి, విమానం వెళ్ళిపోయింది. గోదాం మేనేజర్ అందరి ముందూ జగదీశ్‌ని నోటికొచ్చినట్టు తిట్టాడు. చదువుకున్నావా, గాడిదలు కాశావా, పది తప్పిన మనిషికి ఉన్న బుద్ధి నీకు లేదా అన్నాడు. జగదీశ్ ఆ రోజు టిఫిన్ డబ్బా మూత తీయలేదు.

మర్నాడు బాలమల్లన్న వచ్చాడు. ప్రింటర్ మూత ఎత్తి చూశాడు. పక్కనున్న అట్టపెట్టె నుంచి గోరంత ముక్క చింపి, మడిచి, మూత కొక్కెం కింద దోపాడు. ప్రింటర్ గుర్రుమని లేబుళ్ళు కక్కడం మొదలుపెట్టింది. అంతా నిమిషం పట్టింది. కొక్కెం అరిగి మూత సరిగా పడటం లేదట, అది తెరిచే ఉందనుకుని ప్రింటర్ మొండికేస్తోందట.

జనం చప్పట్లు కొట్టారు. "అన్నంటే అన్ననే!" అని పెంటయ్య ఈల కూడా వేశాడు. జగదీశ్ ఆ గుంపు వెనక నిలబడి ఉన్నాడు. చప్పట్లు మోగుతున్నంతసేపూ అతని మొహం చూడలేకపోయాను. తలతిప్పి బాలమల్లన్న వైపు చూస్తే, ఆయన కూడా జగదీశ్‌నే చూస్తున్నాడు. ఆయన మొహంలో నవ్వు లేదు.

మధ్యాహ్నం అన్నాల తర్వాత బాలమల్లన్న నా డెస్కు దగ్గరికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెండు వారాల తర్వాత నాతో మాట్లాడటం అదే.

"రాయి చెల్లె."

"ఏం రాయాలన్నా?"

"ఆ అట్టముక్క సంగతి. ఇంకా శాన ఉన్నయ్. నాకొక్కనికే తెలుసుడు తప్పైంది. నిన్న ఆ తమ్ముడు తిన్న తిట్లు ఆనియి గావు, నాయి."

నేను వెంటనే కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. మాట్లాడితే ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం అరగంట. ఆయన చెప్పడం, నేను టైప్ చేయడం. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, అదీ ఆయన తెలుగే, ఒక్క ముక్క మార్చకుండా. "కాటా మీద అంకెలు ఎగురుతున్నయంటే కంప్యూటర్ను తిట్టకు. ముందుగాల కాటా కింద చూడు, ఎలుక తీగ కొరికి ఉంటది." "చల్లగదిల కంప్యూటర్ మెల్లగ నడుస్తే పరేషాన్ గాకు. దాన్ని బయటికి తెచ్చి పావుగంట ఉంచు. దానికి గూడ చలి పెడ్తది." మూడు వారాల్లో నూట పద్దెనిమిది సంగతులయ్యాయి.

రాఘవేందర్ సార్ చూసి కళ్ళజోడు తీశారు. "ఇదేం భాష నిర్మలా? దీనికో ఫార్మాట్ ఉంది. ఇంగ్లీషులో ఉండాలి."

"చదివేది మనవాళ్ళే సార్. ఇంగ్లీషులో రాస్తే నాకు పేరొస్తది, ప్రింటర్ నడవదు." కోపంలో అన్నా నిజమే అన్నాను. ఆయన కాసేపు తెర మీద చదువుకుంటూ కూర్చున్నారు. ఎలుక దగ్గర నవ్వారు. "సరే, ఉండనీ" అన్నారు. అందుకే ఆయనంటే నాకు గౌరవం. ఆ సంగతులన్నీ ప్రింటు తీసి, పుస్తకంలా కుట్టి టెక్నీషియన్లందరికీ పంచాను.

ఆగస్టు నెలాఖరులోనే ఇంకో పని కూడా చేశాం. డెస్కుకే ఒక మొబైల్ పెట్టించి, మిస్డ్ కాల్ ఇస్తే చాలు మేమే తిరిగి ఫోన్ చేస్తామన్నాం. దానికి పోస్టర్ వేయలేదు. బాలమల్లన్న స్వయంగా కాటా నుంచి చల్లగది దాకా ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి, "ఇగ నాకు గాదు, నిర్మలకు కొట్టుండ్రి. ఎవలొచ్చినా నేనొచ్చినట్టే" అని చెప్పాడు. రెండు నెలలు పోస్టర్లు చెప్పినా వినని జనం ఆయన ఒక్క పూట తిరిగితే విన్నారు. మొదటి రోజే డెబ్భై మిస్డ్ కాల్స్ వచ్చాయి. టికెట్లు రాయలేక నా వేళ్ళు నొప్పి పుట్టాయి. ఆ నొప్పి నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. సెప్టెంబర్ అంతా గాల్లో తేలినట్టు తిరిగాను. బాలమల్లన్న గండం గడిచిపోయిందని మనసులో రాసేసుకున్నాను కూడా.

నెలాఖరున రిపోర్టు తీసి చూశాను. మొత్తం ఐదు వందల ముప్పై ఎనిమిది టికెట్లు. జగదీశ్‌వి నూట పన్నెండు. మిగతా నలుగురిలో ఎవరూ తొంభైకి తగ్గలేదు. బాలమల్లన్నవి నలభై ఒకటి.

నేను చూసుకోనే లేదు. ఆయన చెప్పి రాయించిన పుస్తకం చూసి మిగతా ఐదుగురూ పనులు చకచకా చేసేస్తున్నారు. ఎవరికీ కొరుకుడు పడని చిక్కులు మాత్రమే ఆయన దాకా వస్తున్నాయి. ఒక్కొక్కటీ పూటంతా తినే పని. తనకు తెలిసిందంతా పంచిపెట్టి ఆయన అరవై కిందికి దిగిపోయాడు. అది పంచిపెట్టించింది నేను.

ఆ పొద్దునే కాంట్రాక్టు గురించి సార్‌తో సమావేశం. సార్ ముందు రిపోర్టు పెట్టి, ఇది అన్యాయం అన్నాను. గొంతు పెంచే అన్నాను.

"నాకూ తెలుసు నిర్మలా. కానీ పైవాళ్ళకు నా మాట పంపలేను, కాయితం పంపాలి. ఈ కాయితం మీద ఆయన నలభై ఒకటే చేశాడు. మిగతావాటిలో ఆయన చెయ్యి ఉందని ఎక్కడుంది? చూపించు."

చూపించడానికి నా దగ్గరేముంది? ఏదో ఒకటి వాదించాలి కదా అని జగదీశ్ మూసేసిన టికెట్ ఒకటి తెరిచాను. లేబుళ్ల ప్రింటర్ టికెట్. చివర్లో, ఏం చేశాడో రాయాల్సిన చోట ఇలా ఉంది: "బాలమల్లన్న చెప్పినట్టు చేసిన. నడిచింది."

ఇంకోటి తెరిచాను. కాటా. "మల్లన్న చెప్పినట్టే ఎలుక కొరికింది. తీగ మార్చిన."

ఇంకోటి వేరే అతనిది. "ఇది బాలమల్లన్న తెలివి, నాది గాదు. బయటికి తెచ్చి పెట్టిన, మంచిగైంది."

నేను నెలంతా టికెట్లు ఎన్నయ్యాయో చూశాను గానీ వాటి చివర ఏం రాశారో ఒక్కటీ చదవలేదు. ఇలా రాయమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఒకరి పనితనం తన పేరు మీద వేసుకోవడం వాళ్ళకు చేతకాలేదు, అంతే. చేసింది చెప్పుకోవడానికి బాలమల్లన్నకు ఎంత సిగ్గో, చెప్పినవాడి పేరు మింగేయడానికి వాళ్ళకీ అంతే సిగ్గు. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. వాళ్ళ ఇంచార్జిని నేనని ఆ క్షణంలో ఎంత గర్వపడ్డానో, జీవితంలో ఏ సర్టిఫికెట్టుకీ అంత గర్వపడలేదు.

సార్ నా చేతిలోంచి మౌస్ తీసుకుని, మిగతా ఐదుగురి టికెట్లలో మల్లన్న అని కొట్టి వెతికారు. మూడు వందల పన్నెండు టికెట్లు వచ్చాయి. ఒక్కొక్కటీ తెరిచి పైకి చదవడం మొదలుపెట్టారు. పది చదివాక రిపోర్టులో కొత్త గడి ఒకటి గీసి, దాని మీద "నేర్పిన పనులు" అని రాసి, బాలమల్లన్న పేరుకెదురుగా ఆ అంకె వేశారు. దాని వెనక మూడు వందల పన్నెండు టికెట్లూ ప్రింటు తీసి కుట్టమన్నారు. "ఈ కట్ట చూసి కూడా ఈయన్ని ఎవరైనా వద్దంటే, వాళ్ళకు నేను చెబుతాను" అన్నారు. ఎవరూ వద్దనలేదు. సాయంత్రం నాలుగింటికల్లా పైనుంచి ఒప్పుకుంటూ జవాబు వచ్చింది.

నేను గోదాంలోకి పరిగెత్తాను. బాలమల్లన్న కాటా పక్కన టైలు ఎత్తి, నేల మీద బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి లోపల పెట్టి ఏదో తీగ వెతుకుతున్నాడు. పక్కనే కూర్చుని అంతా చెప్పాను. మూడు వందల పన్నెండు అన్నప్పుడు చెయ్యి ఆగింది.

"గట్లెందుకు రాసిండ్రు? చేసింది ఆల్లే గదా."

"చెప్పింది నువ్వు గదా అన్నా."

మొహం ఇటు తిప్పకుండానే అడిగాడు. "ఎవలెవలు రాసిండ్రు?"

"అందరూ."

"జగదీశ్ గూడనా?"

"అందరికంటె ఎక్కువ ఆయనే రాసిండు."

ఆయన చెయ్యి బయటికి తీసి, లేచి కూర్చుని, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. దుమ్ము తుడుచుకున్నంత సేపు కాదు, చాలాసేపు తుడుచుకున్నాడు.

"నా వల్ల అన్ని తిట్లు తిన్నంక గూడ రాసిండా" అన్నాడు. "జర ఆ తమ్ముణ్ణి పిలువు చెల్లె. ఈ కింద తీగలెట్ల పోయినయో ఎవలకూ చూపియ్యలే. ఆనికి చూపిస్త."

నేను లేచి వెళ్ళి, జగదీశ్‌ని నా వెంట తీసుకొచ్చాను.